స్కానర్ బెల్టు దగ్గర బ్యాగు అంటుకుంది. సెక్యూరిటీ వాళ్లు చేసింది కరెక్టేనా?

క్యూలో_మూడోవాడు
పోయిన వారం సంగతి. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ చెక్‌లో నా ముందు ఇద్దరున్నారు. మొదటాయన బ్యాక్‌ప్యాక్ స్కానర్‌లోంచి బయటికొచ్చి రోలర్ల మీద ఆగింది. సైకిల్ ట్యూబ్‌లోంచి గాలి పోతున్నట్టు 'స్స్స్' అని చప్పుడు. పక్క జేబులోంచి తెల్లటి పొగ. అందులో పవర్ బ్యాంకు ఉందట. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్రాడు గబుక్కున బ్యాగు పైపట్టీ పట్టుకుని పైకెత్తి, జనం మధ్యలోంచి తలుపు వైపు పరిగెత్తాడు. పది అడుగులు వేశాడో లేదో భగ్గున మంట. బ్యాగు వదిలేశాడు. అది సరిగ్గా మనుషులు నిలబడ్డ చోట పడింది.

ఇంకో అమ్మాయి ఎర్ర సిలిండర్ తెచ్చి పొడి కొట్టింది. మంట ఆరింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. అర నిమిషం కాకుండానే మళ్లీ అంటుకుంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అంటుకుంది. ఇంతలో బ్యాగు ఓనరు లాప్‌టాప్ తీసుకుంటానని చెయ్యి పెట్టబోతే ఎవరో పెద్దావిడ కాలర్ పట్టుకుని వెనక్కి లాగింది. సగం మంది వీడియో తీస్తున్నారు. చివరికి ఫైర్ వాళ్లొచ్చి నీళ్లు కుమ్మరిస్తే గానీ అణగలేదు.

ఆ కుర్రాడి చెయ్యి కాలింది. అందరూ హీరో అంటున్నారు. ధైర్యవంతుడే, కాదనను. కానీ చేసింది సరైన పనేనా? అసలు వాళ్లకి ఏం నేర్పుతారు?

కిటికీసీటు
ఆ కాలర్ పట్టుకున్న పెద్దావిడకి ఉద్యోగం ఇప్పించండి ముందు.

అనుమానం_ఆచారి
ఎత్తుకుని పరిగెత్తడం శుద్ధ తప్పు. ఎయిర్‌పోర్టులో పొగ వస్తున్న బ్యాగు అంటే తేలేదాకా బాంబే అనుకోవాలి. ఎవరూ ముట్టుకోకూడదు, నీళ్లు కూడా పోయకూడదు. ఖాళీ చేయించి, బాంబ్ స్క్వాడ్ వచ్చేదాకా ఆగాలి. అంతే.

డ్రోన్_పిచ్చి
ఆచారి గారూ, స్క్వాడ్ వచ్చేసరికి పవర్ బ్యాంకులో ఉన్న సెల్స్ (లోపలి చిన్న బ్యాటరీలు) అన్నీ వరసగా పేలిపోయి, పక్కన ఉన్న లాప్‌టాప్ బ్యాటరీ కూడా అందుకుంటుంది. నా దగ్గర ఒక డ్రోన్ బ్యాటరీ ప్యాక్ ఇలాగే పోయింది. చప్పుడు మొదలయ్యాక మంట రావడానికి పట్టిన టైము ఎంతో తెలుసా? నేను కుర్చీలోంచి లేచేంత.

బెల్టు_పక్కన
తొమ్మిదేళ్లు ఎక్స్‌రే ముందు కూర్చుని మానేసినవాడిని. కొంచెం పొడుగ్గా రాస్తాను, భరించండి.

ఆ కుర్రాడిని తిట్టకండి. మాకు ఏళ్ల తరబడి నూరిపోసింది ఒకటే, 'బెల్టు ఆగకూడదు'. లైను ఆగితే సూపర్‌వైజర్ వస్తాడు, వెనక జనం అరుస్తారు, ఫ్లైటు పోతుందని ఎవరో ఏడుస్తారు. అందుకని చెడ్డ వస్తువు కనబడగానే చెయ్యి దానంతట అదే దాన్ని లైనులోంచి తప్పించడానికి వెళ్తుంది. అతను చేసింది ధైర్యం కాదు, అలవాటు.

ఇంక చేయాల్సింది. ఒకటి, బ్యాగు తెరవకూడదు. జిప్ తీస్తే లోపల చేరిన ఆవిరి మొహం మీదకే వస్తుంది, పైగా గాలి తగిలి భగ్గుమంటుంది. జనాన్ని వెనక్కి పంపాలి, 'ట్రేలు అక్కడే వదిలేయండి' అని గట్టిగా చెప్పాలి. ఎందుకంటే అందరి పాస్‌పోర్టులు, ఫోన్లు ఆ ట్రేల్లోనే ఉంటాయి, ఒక్కరు కూడా కదలరు. బ్యాగు స్కానర్ బయట ఉంటే ఉన్నచోటే ఉంచి నీళ్లు పోయాలి.

అసలు విషయం ఒకటి అందరూ మర్చిపోతారు. బ్యాగులో ఏముందో ఆ హాల్లో ఒకే ఒక్కడికి తెలుసు, తెర ముందు కూర్చున్నవాడికి. వాడు లేచి పారిపోయే ముందు ఆ బొమ్మని తెర మీద అలాగే ఆపి ఉంచాలి. ఫైర్ వాళ్లు రాగానే 'ఎడమ పక్క జేబులో పవర్ బ్యాంకు, ఆరు గుండ్రటి సెల్స్, దాని వెనకే లాప్‌టాప్, పైన స్ప్రే డబ్బా' అని చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఆచారి గారి బాంబు అనుమానానికి జవాబు కూడా అక్కడే ఉంది. బొమ్మ చూశాం, తీగలూ ముద్దలూ లాంటివేం లేవు, బ్యాటరీ తప్ప అనుమానించేదేం లేదు, పొగ కూడా దాని దగ్గరే. అలాంటప్పుడు అది బ్యాటరీ మంటే. స్కాన్ కాకముందే పొగ వస్తే మాత్రం ఆచారి గారు కరెక్టు. దూరంగా జరగాలి, నీళ్లు కూడా దూరం నుంచే.

క్యూలో_మూడోవాడు
మన సంగతిలో స్కాన్ అయి బయటికి వచ్చాకే పొగ వచ్చింది. అంటే బొమ్మ చూశారన్నమాట.

బెల్టు_పక్కన
చూసే ఉంటారు. కానీ తెర ముందున్నవాడు కూడా లేచి వచ్చి గుంపులో నిలబడ్డాడని పందెం.

క్యూలో_మూడోవాడు
పందెం గెలిచారు. బనియన్ కనబడేలా చొక్కా గుండీలు విప్పేసుకుని, నోరు తెరిచి చూస్తున్నాడు.

లగేజీ_రాణి
ఒక్క నిమిషం. లిథియం మీద నీళ్లు పోస్తే పేలుతుంది కదా? స్కూల్లో సోడియం ముక్క నీళ్లలో వేసి చూపించారు, మా బెంచీ దాకా ఎగిరింది. మీరేమో అందరూ నీళ్లు నీళ్లు అంటున్నారు.

కెమిస్ట్రీ_మాస్టారు
మంచి ప్రశ్న. ఈ భయంతోనే చాలామంది పొడి సిలిండర్ కోసం పరిగెత్తుతారు.

మీరు చూసింది లోహం రూపంలో ఉన్న సోడియం. లిథియం కూడా లోహంగా ఉంటే నీళ్లతో రేగుతుంది, సోడియం అంత కాకపోయినా. ఫోన్లు, పవర్ బ్యాంకుల్లో ఉండేది లిథియం-అయాన్. అందులో లిథియం లోహపు ముద్దగా ఉండదు, అయాన్లుగా గ్రాఫైట్ పొరల్లోనూ ఆక్సైడ్‌లోనూ దూరి ఉంటుంది. అసలు కాలేది ఎలక్ట్రోలైట్, అదో సేంద్రియ ద్రావకం, పెట్రోలుకి దూరపు చుట్టం అనుకోండి.

రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దెబ్బ తగిలో, తయారీ లోపం వల్లో, అతిగా చార్జ్ అయ్యో లోపల షార్ట్ అయితే వేడి పుడుతుంది. దాదాపు 130 డిగ్రీల దగ్గర ఆ పొర కరగడం మొదలెడుతుంది. అక్కణ్నుంచి వేడి రసాయన చర్యని పెంచుతుంది, చర్య వేడిని పెంచుతుంది. దీన్నే థర్మల్ రనవే అంటారు. ఒక్కో సెల్ 600 డిగ్రీలు దాటుతుంది. పక్క సెల్‌ని కాలుస్తుంది, అది దాని పక్కదాన్ని. క్యూలో_మూడోవాడు గారు చూసిన 'ఆరింది, మళ్లీ అంటుకుంది' ఇదే. పొడి మంటని ఆర్పింది, వేడిని తియ్యలేదు. పైగా కొన్ని రకాల కాథోడ్లు (ప్లస్ వైపు ఎలక్ట్రోడ్లు) వేడెక్కితే ఆక్సిజన్‌ని తామే విడుదల చేస్తాయి, గాలి అందకుండా చేసినా పూర్తిగా ఆగదు.

కాబట్టి లక్ష్యం మంట కాదు, పక్క సెల్. దాన్ని చల్లబరచాలి. వేడిని లాక్కోవడంలో చవకగా దొరికేవాటిలో నీళ్లని మించింది లేదు.

లగేజీ_రాణి
'పెట్రోలుకి దూరపు చుట్టం' 😄 థాంక్స్ మాస్టారూ, ఇప్పుడు అర్థమైంది.

గాల్లో_పదేళ్లు
క్యాబిన్ క్రూగా చేశాను. మాకు నేర్పింది కూడా ఇదే. ముందు హాలన్ (మంటలార్పే వాయువు) సిలిండర్‌తో మంట పడగొట్టడం, వెంటనే నీళ్లు, లేదా ఆల్కహాల్ లేని ఏ డ్రింక్ అయినా, ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉండటం. ట్రైనింగ్‌లో ఒకమ్మాయి ఐస్ వేస్తే ఇంకా త్వరగా చల్లబడదా అని అడిగింది. వెయ్యకూడదు. ఐస్ దుప్పటిలా కప్పేసి లోపలి వేడిని లోపలే ఉంచుతుంది. మంట వస్తున్న దాన్ని కదపకూడదన్నది కూడా రూలే. ఆ కుర్రాడు విమానంలో అదే పని చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయంగా ఉంది.

కిటికీసీటు
అంటే ఎమర్జెన్సీలో నా మీద పడాల్సిన ఆరెంజ్ జ్యూస్ బ్యాటరీ మీద పడుతుందన్నమాట. న్యాయమే.

నీళ్ల_బకెట్
ఎయిర్‌పోర్టు ఫైర్ సర్వీసులో ఉన్నాను. బెల్టు_పక్కన గారి మాటల్లో ఎక్కువ ఒప్పుకుంటాను, ఒకటి తప్ప. 'బ్యాగు స్కానర్ బయట ఉంటే' అన్నారు సరే. లోపల ఉంటే? అది చెప్పకుండా దాటేశారు.

బెల్టు_పక్కన
దొరికిపోయాను 🙂 మేం చేసేది, పొగ లోపల కనబడితే బెల్టుని ముందుకి తిప్పి బ్యాగుని బయటికి తోసేసి, అప్పుడు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడం. ఎందుకంటే ఎర్ర బటన్ నొక్కితే ఎక్స్‌రేతో పాటు బెల్టు కూడా ఆగిపోతుంది. బ్యాగు సొరంగం మధ్యలో ఇరుక్కుంటుంది. రెండు పక్కలా సీసం తెరలు. లోపలికి నీళ్లు ఎలా కొడతారు?

నీళ్ల_బకెట్
సన్నటి పొగ, బ్యాగు సగం బయటికి వచ్చేసింది అంటే తోసేయండి, గొడవ లేదు. కానీ మంట లేచాక బెల్టు తిప్పితే ఆ మంటని బయట ఉన్న పది ట్రేల పక్కకి, మనుషుల దగ్గరికి మీరే తెచ్చినట్టు. అప్పుడు మిషన్ పోతే పోయింది, ఆపెయ్యాలి. ఇంకో సంగతి, ఎర్ర బటన్ నొక్కినంత మాత్రాన మిషన్‌కి కరెంటు పోదు. బెల్టు, ఎక్స్‌రే ఆగుతాయి, లోపలికి సప్లై వస్తూనే ఉంటుంది. గోడ దగ్గర మెయిన్ తీశాకే నీళ్లు. నేను వెళ్లిన ఒక చోట ఆ మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఆ షిఫ్టులో ఉన్న ఏడుగురిలో ఒక్కరికీ తెలియదు. ట్రేల గుట్ట వెనకాల ఉంది.

బెల్టు_పక్కన
నిజం చెప్పనా, తొమ్మిదేళ్లలో నాకూ తెలియదు.

అనుమానం_ఆచారి
సరే, స్కాన్ అయిన బ్యాగు విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ ఇదే అదనుగా ఎవడైనా పవర్ బ్యాంకులో ఏదో పెట్టి తెస్తే? నీళ్ల బక్కెట్టు పట్టుకుని దగ్గరికెళ్లిన అమాయకుడి గతేంటి?

నీళ్ల_బకెట్
అందుకే బక్కెట్టు కాదు, పైపు. నా పేరు చూసి మోసపోకండి. దూరం నుంచి, పక్కనుంచి, పొగ మనవైపు రాని దిక్కులో నిలబడి కొట్టాలి. బాంబు రూలూ బ్యాటరీ రూలూ మొదటి అడుగులో ఒకటే, జనం దూరంగా పోవాలి. రెండో అడుగు దగ్గరే విడిపోతాయి. ఆ మొదటి అడుగు వెంటనే వేస్తే రెండోదానికి ఆలోచించుకోవడానికి టైము దొరుకుతుంది.

బెల్టు_పక్కన
ఆ మొదటి అడుగే వెయ్యరండీ. బయటివాళ్లకి తెలియని తలనొప్పి ఒకటుంది. పొగ చూసి జనం పరిగెత్తితే ఎటు పరిగెత్తుతారు? సగం మంది చెక్ కానివాళ్లు చెక్ అయినవాళ్ల వైపుకి వెళ్లిపోతారు. ఇంక అటువైపు హాలు మొత్తం ఖాళీ చేయించి అందర్నీ మళ్లీ చెక్ చెయ్యాలి. గంటల ఆలస్యం, ఫ్లైట్లన్నీ చెదిరిపోతాయి. అందుకే సూపర్‌వైజర్ 'చూద్దాం, చిన్న పొగే కదా' అని అర నిమిషం ఆగుతాడు. మాకు ప్రాణం మీదకి వచ్చేది ఆ అర నిమిషమే. మా చోట ఒకసారి ఎవడో 'బాంబ్' అని అరిచాడు, చార్జర్ కాలిన వాసనకి. ఒకతను షూ లేకుండా గేటు దాకా పరిగెత్తాడు. ఆ షూ నాలుగు రోజులు మా దగ్గరే ఉన్నాయి.

కిటికీసీటు
షూ మళ్లీ స్కాన్ చేశారా?

బెల్టు_పక్కన
రెండుసార్లు.

సర్వీస్_బెంచి
ఫోన్లు రిపేర్ చేస్తాను, ఉబ్బిన బ్యాటరీలు రోజూ చూస్తాను. మాలో ఎవరికైనా ముందు తెలిసేది ముక్కుతోనే. తియ్యగా, ఘాటుగా, గోళ్ల రంగు తుడిచే మందు లాంటి వాసన. అది వచ్చిందంటే సెల్ కారుతోంది. బ్యాగు తీసుకునేవాడికి ఈ వాసన ఒక్కసారి చూపించి ఉంటే పొగ దాకా రానివ్వడు.

కెమిస్ట్రీ_మాస్టారు
చూపించకండి బాబూ! చెప్పండి చాలు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ తడి తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ఊపిరితిత్తుల మీద దాని ప్రభావం వెంటనే కనబడకపోవచ్చు, గంటల తర్వాత ఆయాసం రావచ్చు. చర్మం మీద పడితే కడిగాక కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తారు, మామూలు కాలిన గాయాల మందు దానికి సరిపోదు. ఆ కుర్రాడిని డాక్టరుకి చూపించారా, పొగ పీల్చాడని చెప్పారా?

క్యూలో_మూడోవాడు
నేను చూసినంతలో చేతికి కట్టు కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన ఒకాయన అట్టముక్కతో విసురుతున్నాడు.

గాల్లో_పదేళ్లు
అట్టముక్క 🤦‍♀️ 

సందేహాల_సుబ్బు
అసలు ఎక్స్‌రే వల్లే బ్యాటరీ అంటుకుందేమో? స్కానర్‌లోంచి రాగానే కదా పొగ వచ్చింది.

కెమిస్ట్రీ_మాస్టారు
కాదు. ఆ కొద్దిపాటి ఎక్స్‌రేకి బ్యాటరీ వేడెక్కదు. బ్యాగుని ధన్‌మని ట్రేలో పడేయడం, వెనక బ్యాగులు వచ్చి గుద్దడం, అప్పటికే దెబ్బతిన్న సెల్‌కి అది ఆఖరి దెబ్బ కావడం, ఇవన్నీ జరగొచ్చు.

లగేజీ_రాణి
చేతి బ్యాగు సరే. చెకిన్ బ్యాగులో పెట్టేస్తే? మా ఆయన ఎప్పుడూ 'పవర్ బ్యాంకు కింద పడేయ్, బరువు తగ్గుతుంది' అంటాడు.

గాల్లో_పదేళ్లు
అక్కా, ఆయన్ని ఆపండి. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెకిన్‌లో పూర్తిగా నిషేధం, ప్రపంచమంతా ఇదే రూలు. పైన అంటుకుంటే మేం చూస్తాం, నీళ్లు పోస్తాం. కింద కార్గోలో ఎవరు చూస్తారు? అక్కడి హాలన్ మంటని అణచగలదు గానీ మాస్టారు చెప్పిన థర్మల్ రనవేని ఆపలేదు. 2017లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్లు సూట్‌కేసులో లాప్‌టాప్ పక్కన స్ప్రే డబ్బా పెట్టి బ్యాటరీని వేడి చేసి చూశారు. నిమిషం లోపే డబ్బా పేలింది. 2010 సెప్టెంబరులో దుబాయ్‌లో కూలిన యూపీఎస్ కొరియర్ కంపెనీ సరుకు విమానం గుర్తుందా? దాంట్లో అంటుకున్నది లిథియం బ్యాటరీలున్న సరుకే, ఇద్దరు పైలట్లూ చనిపోయారు.

డ్రోన్_పిచ్చి
లెక్క కూడా చెప్పండి, అందరూ పవర్ బ్యాంకు మీద రాసిన ఎంఏహెచ్ అంకె చూసి గందరగోళపడతారు. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్ అవర్లు. 20000 అంటే 74. దాదాపు 27000 దాకా 100 లోపే. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, అవీ రెండే. ఆ పైన ఉంటే ఇంట్లో వదిలేయడమే. నేను నా ప్యాక్‌లని సగం చార్జ్‌లో, ఒక్కోటి విడి సంచిలో తీసుకెళ్తాను. ఎంత తక్కువ చార్జ్ ఉంటే అంత తక్కువ మంట.

సందేహాల_సుబ్బు
పైన పెడితే మాత్రం క్షేమమా? 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఎయిర్ బుసాన్ విమానం సీట్ల పైన ఉన్న అరలోంచే కదా అంటుకుంది.

గాల్లో_పదేళ్లు
అవును, ఇంకా ఎగరలేదు కాబట్టి 176 మందీ దిగిపోగలిగారు. పవర్ బ్యాంకే కారణం అయ్యుండొచ్చని దర్యాప్తు వాళ్లు చెప్పారు. ఆ మార్చి నుంచి కొరియా వాళ్లు పై అరలో పెట్టొద్దు, దగ్గరే ఉంచుకోండి అన్నారు. కారణం అదే, కంటికి కనబడాలి, చేతికి అందాలి.

నీళ్ల_బకెట్
మళ్లీ చెక్‌పాయింట్‌కి వద్దాం. నా గుండె దడ ఎక్కడో చెప్పనా? ప్రయాణికుల దగ్గర లాక్కున్న పవర్ బ్యాంకులు వేసే ప్లాస్టిక్ తొట్టి. పక్కనే లైటర్లు, పైన కత్తెరలు. ఒక బ్యాంకు పోర్టులో హెయిర్‌పిన్ దూరి ఉండటం నా కళ్లతో చూశాను. తొట్టి నిండేదాకా ఎవరూ తియ్యరు. ఎక్కడ పెడతారంటే సరిగ్గా స్టాఫ్ కూర్చునే కుర్చీ కింద.

బెల్టు_పక్కన
మా దగ్గర దాని మీద కాళ్లు పెట్టుకునేవాళ్లం.

నీళ్ల_బకెట్
😐

సర్వీస్_బెంచి
పోర్టులకి టేపు వేసి, ఇనప డబ్బాలో, లైటర్లు విడిగా, షిఫ్టు మారినప్పుడల్లా ఖాళీ చెయ్యాలి. మా చిన్న బెంచి దగ్గరే చేస్తున్నాం, వాళ్లకేం కష్టం?

నీళ్ల_బకెట్
కష్టం కాదు, ఎవరి పనో రాసి లేదు. కాలిన బ్యాగుదీ అదే కథ. ఆర్పేశాక 'అయిపోయింది' అనుకుని మూల పెడతారు. ఒకచోట కాలిన లాప్‌టాప్‌ని చెత్తడబ్బాలో వేశారు. రాత్రి రెండింటికి చెత్త గది నుంచి మాకు ఫోన్. పాడైన సెల్ గంటల తర్వాత కూడా లేస్తుంది. ఆరుబయట, గోడలకి దూరంగా, వీలైతే నీళ్లలో ముంచి, కనీసం ఒక రోజు కన్నేసి ఉంచాలి. మంట మీద దుప్పటి కప్పి వదిలేసేవాళ్లని కూడా చూశాను, కింద ఆవిరి చేరి ఒక్కసారిగా అంటుకుంటే కప్పినవాడే ముందు పోతాడు.

క్యూలో_మూడోవాడు
నేను ఆ ఎయిర్‌పోర్టుకి రాయాలనుకుంటున్నాను. కంప్లయింట్‌గా రాస్తే ఆ కుర్రాడి మెడకి చుట్టుకుంటుందేమో అని ఆగాను.

బెల్టు_పక్కన
అతని పేరు, షిఫ్టు, లైను నంబరు రాయకండి. 'బెల్టు దగ్గర నీళ్ల పైపు లేదు, పొడి సిలిండర్ ఒక్కటే ఉంది, పొగ పీల్చిన ఉద్యోగిని డాక్టరుకి చూపించలేదు' అని రాయండి. అడుగుతూ రాస్తే ఒక ప్రశ్న తప్పకుండా పెట్టండి. బెల్టు ఆపే అధికారం ఎవరిది? కాగితం మీద అందరిదీ. ఆపినందుకు ఎవరినైనా మెచ్చుకున్నారా అని అడగండి.

అనుమానం_ఆచారి
మెయిన్ స్విచ్ ఎక్కడుందో కూడా అడగండి. ట్రేల గుట్ట తీసి చూస్తారు కనీసం.

కిటికీసీటు
ఇంత చదివాక ఒక డౌటు. నా పవర్ బ్యాంకు పొట్ట కొంచెం ఉబ్బింది. టేబుల్ మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరుగుతోంది. పరవాలేదా?

సర్వీస్_బెంచి
వాడుతున్నావా ఇంకా??

కిటికీసీటు
ప్రస్తుతం దాంతోనే ఫోన్ చార్జ్ పెట్టి ఇది టైప్ చేస్తున్నా.

నీళ్ల_బకెట్
కేబుల్ పీకు. గుచ్చకు, నొక్కకు, మళ్లీ తిప్పకు. వాసనా వేడీ లేకపోతేనే ముట్టుకో. ఆరుబయట సిమెంటు నేల మీద పెట్టు, చుట్టూ ఏమీ లేకుండా. రేపు పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చెయ్.

కిటికీసీటు
పెరట్లో పెట్టా. కుక్క వాసన చూస్తోంది.

నీళ్ల_బకెట్
కుక్కని లోపలికి పిలువు!

కిటికీసీటు
వచ్చేసింది. అది నాకంటే ముందే వెనక్కి జరిగింది.